ఫరో పాఠం చెప్పిన పెద్దమ్మ

పెద్దమ్మ జ్వరంతో పోయిందని కేసముద్రం స్టేషన్‌లో తెలిసింది. మా ఊరి మనిషి బండి కట్టుకొని వచ్చి చెప్పాడు. తొర్రూరు దగ్గరి మా పల్లెకు చేరేసరికి ఆమెకు తెల్లచీర కట్టి పడుకోబెట్టారు.

పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివి వినిపించడం ఆమె పని. అన్నీ ఓర్చుకున్న మనిషని వచ్చినవాళ్ళంతా అన్నారు. ఆమె ఓర్చుకోలేదు. అది నేను రాయాలి.

వెట్టికి రానన్నందుకు దొర మా పెదనాయినను తన కోటలాంటి ఇల్లు, గడి ముందర కొట్టించాడు. దవాఖానకు తీసుకుపోతుంటే బండిలోనే ప్రాణం పోయింది. సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు, మనమంతా కుమ్మరి చేతిలో మట్టి అని పౌలు రాశాడని, దేవుని చిత్తానికి లోబడాలని చెప్పారు. పెద్దమ్మ లేచి నిలబడింది.

“దేవుని మీద పెట్టకుండ్రి అయ్యగారు. కొట్టిపిచ్చింది దొర.”

ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా ఇశ్రాయేలీయులను వెట్టిలో తొక్కిపెట్టిన ఐగుప్తు రాజు ఫరో కథే చెప్పింది. ఫరో గుండెను దేవుడే బండ చేశాడని బైబిల్లో ఉంది, మరి ఫరో తప్పేముంది? దీనికి బైబిలు బడిలో విన్న యూదు పండితుల మాట ఆమెకు నచ్చింది. దేవుడు ఐగుప్తు మీదికి పంపిన మొదటి తెగుళ్ళప్పుడు ఫరో తన గుండెను తానే బండ చేసుకున్నాడు. ఎంత హెచ్చరించినా వినకపోతేనే, వెనక్కి వచ్చే తోవను దేవుడు మూశాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె చూపు గడి వైపే ఉండేది.

దొరల మీద తిరగబడ్డ రైతుకూలీల సంఘం వాళ్ళు గడిని చుట్టుముట్టిన పొద్దున, దొర గొంగడి కప్పుకొని ఆమె ఇంట్లో దూరాడు. నేనక్కడే ఉన్నాను. ఎప్పుడూ ‘ఏమే’ అని పిలిచేవాడు ఆ రోజు అక్కా అన్నాడు. మీ దేవుడు క్షమించమని చెప్పాడు కదా, నన్ను దాచిపెట్టు అన్నాడు. ఆమె నీళ్ళిచ్చింది. నా పెనిమిటిని చంపించింది నువ్వేనని అందరి ముందర ఒప్పుకో, నీ మీద చెయ్యి పడకుండా అడ్డం నిలబడతానన్నది. మళ్ళీ మళ్ళీ అడిగింది.

“వాని రాత గట్లున్నది. నేనేం జేసిన?” అన్నాడు దొర.

పెద్దమ్మ పోయి తలుపు బార్లా తీసింది. బయట వెతుకుతున్న సంఘం వాళ్ళు వాణ్ణి లాక్కుపోయారు. మళ్ళీ రాలేదు. నా కడుపు చల్లబడింది. ఈ రోజుకూ చల్లగానే ఉంది.

అది కూడా దేవుని చిత్తమేనా అని అయ్యగారు తర్వాత ఆమెను అడిగారు.

“కాదు అయ్యగారు. తలుపు తీసింది నేను. దేవుడు అడిగితే నేనే జవాబు జెప్త.”

సంఘాన్ని అణచడానికి వచ్చిన మిలిటరీ వెంట ఊరికి తిరిగొచ్చిన దొర కొడుకు, ఇప్పుడు పెద్దమ్మ శవాన్ని గడి వీధిలోంచి తేవద్దని కబురు పంపాడు. అదే వీధిన పోయాం. గడి ముందర పెట్టె దించి, తొందర లేకుండా భుజాలు మార్చుకున్నాం. ఎవరూ ఏడవలేదు. పైన మిద్దె మీద ఒక చెయ్యి కిటికీ రెక్కను లాగుతూ ఉంది. వానకు ఉబ్బిన చెక్క, ఎంత లాగినా మూసుకోవడం లేదు.