వేరే గ్రహం అలలకి మా కొండ మీద రిహార్సల్

ఒక ఊరు ఊరంతా నా మీద అనుమానపడి బడికి తాళం వేయబోయిన వైనం ఇది. నేను ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరినీ కొట్టలేదు. వేరే గ్రహం మీది సముద్రంలో అలలెక్కి జారాలని ముచ్చటపడ్డాను, అంతే. నవ్వుకోండి, పర్లేదు. ఆ ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అరకు దగ్గర ఒక కొండ ఊరి బడికి నన్ను సైన్సు మాస్టారుగా వేశారు. సొంతూరు పార్వతీపురం. వయసు ఇరవై నాలుగు, తెలివి అందులో సగం. ఒక ఆదివారం పేపర్లో, పెద్ద పెద్ద టెలిస్కోపుల పుణ్యమా అని ఎక్కడెక్కడి గ్రహాలో బయటపడుతున్నాయనీ, కొన్నిటి మీద సముద్రాలు కూడా ఉండొచ్చనీ రాశారు. రాసినాయన 'ఉండొచ్చు' దగ్గర ఆగాడు. బొమ్మ వేసినాయన ఆగలేదు. కొండంత అల వేసి, దాని మీద చెక్కెక్కి జారిపోతున్న మనిషిని కూడా వేశాడు. ఆ మనిషికి ముక్కూ మొహం వేయలేదు. ఆ ఖాళీ నా కోసమే వదిలాడని నాకు నమ్మకం కుదిరిపోయింది.

నాకు ఈత రాదు. సముద్రాన్ని విశాఖపట్నంలో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ చెప్పులు పోగొట్టుకున్నాను. అయితేనేం? రేపెప్పుడో ఆ గ్రహానికి మనుషులు కావాలని ప్రకటన వస్తే అనుభవం అడగరూ? నేల విడిచి సాము చేయకూడదన్నారు పెద్దలు. గ్రహం విడిచి చేయకూడదని ఎవరూ అనలేదు.

సంతలో వడ్రంగి దగ్గరికి వెళ్ళి ఆరడుగుల పనస చెక్క నున్నగా చేసిపెట్టమన్నాను.

"తలుపుకా మాస్టారూ?"

"కాదు."

"బల్లకా?"

"కాదు. ఒక చివర కొంచెం పైకి లేవాలి."

"పడవకేటి? ఇక్కడ గెడ్డలో నీళ్ళకి మోకాలు మునగదు కదా!"

"నీకెందుకయ్యా, చెప్పింది చెయ్యి!"

అంత కోపం దేనికంటే, ఇలాంటి ఆలోచన పొక్కితే ఎవడో నాకంటే ముందు ఆ గ్రహం చేరిపోతాడని భయం. అప్పట్లో నాకు హెడ్మాస్టారి మీద కూడా అనుమానమే. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఇంకో ఏడాదిలో రిటైర్‌మెంటు. అయినా నమ్మలేం.

ఊరి వెనక గడ్డి వాలు ఒకటుంది, దాని దిగువన వరి మళ్ళు. సముద్రం లేని చోట వాలే అల అనుకున్నాను. ఎంత వేగంతో ఎంత దూరం జారతానో లెక్క కట్టాలిగా! తాడుతో వాలంతా కొలిచి, పదేసి అడుగులకొక వెదురు మేకు దిగ్గొట్టి, దూరానికి కనబడాలని సున్నం రాసి, నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాను.

మర్నాడు చూస్తే ఒక్క మేకు లేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ మాయం. మూడోసారి మేకులతో పాటు తాడు కూడా పోయింది. ఇంకేముంది, నాకు పోటీదారుడున్నాడు! నేను అద్దెకున్న ఇల్లుగలావిడ బుద్రమ్మ మీదికి పోయింది నా చూపు.

"పిన్నీ, మేకులేమైనా చూశావా?"

"ఏ మేకులు బాబూ? నువ్వెందుకు కొడతన్నావు మేకులు?"

"నేను కొట్టానని ఎవరన్నారు?"

"కొట్టిన మేకులేవని నువ్వే కదా అడుగుతన్నావు!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నోటుబుక్కు వెనక్కి దాచాను. ఆవిడ అది చూసింది. నేను ఆవిడ చూడటం చూశాను. ఆ రోజు నుంచి నేను వాలు వైపు నడిస్తే వెనక ఇద్దరు నడిచేవారు. నేను ఆగితే వాళ్ళు ఆగి ఆకాశం చూసేవారు. వీళ్ళకీ ఆ గ్రహం సంగతి తెలిసిపోయిందని తేల్చుకున్నాను.

ఇక ఆలస్యం అమృతం విషం. రాత్రంతా వాన పడి గడ్డి నూనె రాసినట్టున్న ఒక ఆదివారం పొద్దున్న, చెక్క నెత్తిన పెట్టుకుని వాలెక్కాను. చెక్క మీద నిలబడ్డాను. బొమ్మలో మనిషిలాగే చేతులు చాపాను. ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు, అంతా చెక్కే చేసింది. కట్లు తెంచుకున్న గిత్తలా అది ఉరికింది. సగం వాలులో నేనూ చెక్కా విడిపోయాం. చెక్క ఎడమకి పోయింది. నేను తిన్నగా గట్టు మీంచి లేచి, వరి మడిలో బొడ్డుదాకా దిగబడ్డాను.

కళ్ళ మీద బురద తుడుచుకుని చూద్దును గదా, గట్టు మీద ఊరంతా కూర్చునుంది! నన్నేం చెయ్యాలో తేల్చడానికే సమావేశమట. ఆ సమావేశం ముందుకే నేను ఊడిపడ్డాను.

బుద్రమ్మ తండ్రి సోమన్న ఆ ఊరికి పెద్ద. ఆయన చుట్ట తీసి అడిగాడు. "సెప్పు మాస్టారూ. ఏ కంపినీవోడు పంపినాడు నిన్ను?"

"కంపెనీ ఏమిటి తాతా?"

"బేగి సెప్పు. సెప్పకపోతే రేపట్నుంచి బడికి తాళమే. సెక్కతో ఏటి సేత్తన్నావు?"

దాచడానికి నా ఒంటి మీద బురద తప్ప ఏమీ మిగల్లేదు. అంతా చెప్పేశాను.

"అంత దూరంలో నీళ్ళున్నాయని ఎలగ తెలిసింది?"

"పెద్ద గొట్టంతో చూశారు తాతా."

'గొట్టం' అనగానే జనం గభాలున లేచారు. సోమన్న చెయ్యెత్తి కూర్చోబెట్టాడు.

"మా కాడికీ అలాగే వచ్చినారు కంపినీవోళ్ళు. మూడు కాళ్ళ మీద గొట్టమెట్టి దూరం నుంచి కొండని సూసినారు. తెల్ల మేకులు కొట్టినారు. తర్వాత కొండ తవ్వుతాం, లెగండన్నారు. ఆపీసుల సుట్టూ మూడేళ్ళు తిరిగి ఆపుకున్నాం."

ఇన్నాళ్ళూ నేను సున్నం రాసి మరీ కొట్టింది వాళ్ళ గుండెల్లోనన్నమాట. చేతులు జోడించాను. "తప్పయిపోయింది తాతా."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. "అది సరే గాని, ఆ నీళ్ళకాడ మనుషులున్నారేటి?"

"ఇంకా తెలీదు తాతా."

"ఆళ్ళని అడక్కుండానే సెక్క సేయించీసినావా?"

నేను నోరు తెరిచేలోగా బుద్రమ్మే అందుకుంది.

"ఉంటే మాత్రం ఊరుకుంటారేటి? ఈ గుంటడొత్తన్నాడని ఈపాటికి మేకులు పీకడానికి కాసుక్కూకునుంటారు!"

కొండ కొండంతా నవ్వింది. నవ్వుతూనే నలుగురు చేతులందించి నన్ను బురదలోంచి లాగారు.

ఆ మడి గట్టు మీద, ఒంటిమీద ఆరని బురద సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ గ్రహం మీదైనా సరే, అక్కడి ఊరి పెద్దని కలిసి, కూర్చోమంటే కూర్చుని, ఒప్పుకున్నాకే అలెక్కుతాను. ఈ రోజు వరకూ ఆ ఒట్టు తప్పలేదని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను.