కదలని ఊలుండ

ఓస్లా మౌట్‌కి ఒక్కటే పిచ్చి. ఉన్న వస్తువును ఉన్నచోటి నుంచి కదపనివ్వదు. ఉత్తరాది దీవుల్లోని లెర్విక్ అనే ఊళ్లో, ఆమె పనిచేసే అల్లికల పత్రిక ఆఫీసులో కరెంటు టీ కెటిల్ గుమ్మానికి అడ్డంగా నేల మీదే ఉంటుంది. వచ్చినవాళ్లంతా దాన్ని తన్నుకుని తిట్టుకుంటారు.

"ఓస్లక్కా, దీన్ని బల్ల మీద పెడదామా?" అని సంపాదకురాలు విల్మా అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"ఉండనీ పిల్లా. దాని చోటు అదే."

కెటిల్ సంగతి సరే. కాగితం మానేసి ఇంటర్నెట్‌కి మారాక ఆ పేజీలన్నీ కట్టింది ఓస్లాయే కావడంతో వచ్చింది అసలు చిక్కు. నమూనా ఒక పేజీలో, దానికి కావలసిన సూదుల సైజు ఇంకో పేజీలో. మధ్యలో ఊలు ప్రకటన అడ్డం పడుతుంది. వెనక్కి పోదామంటే దారి కనపడదు. పాఠకులు లోపలికొచ్చి, తప్పిపోయి, విసుక్కుని వెళ్లిపోతున్నారు. ఈ చలికాలం చందాదారులు పెరక్కపోతే పత్రిక మూతే. విల్మా భయపడి అంతా కొత్తగా దిద్దింది. ఓస్లా గొణుగుతూనే అన్నిటికీ ఒప్పుకుంది. మొదటి పేజీలో ఎడమవైపు కింది మూలనున్న పసుపు ఊలుండ బొమ్మకు తప్ప.

"ఎందుకక్కా అది? మొహం మీద మొటిమలా!"

"దాని జోలికొచ్చావంటే ఊరుకోను."

ఓస్లా పన్ను పీకించుకోవడానికి వెళ్లిన రోజు చూసి, విల్మా ఆ ఉండను పీకేసింది.

మధ్యాహ్నం మూడయ్యేసరికే వెలుగు పోయింది. సముద్రం మీది పొగమంచు కిటికీలకు అంటుకుంది. పాఠకులు ఎక్కడ వేలు పెడితే అక్కడ ఎర్రచుక్క చూపించే తెర ముందు విల్మా కూర్చుంది. ఎడమ మూల, ఇప్పుడు ఏమీ లేని చోట, ఒక చుక్క వెలిగింది. ఆరింది. మళ్లీ అక్కడే వెలిగింది. గోడ అవతల ఎవరో నిలబడి, తలుపు ఉండాల్సిన చోటు తడుముతున్నట్టుంది.

"గిబ్బీ, ఒకసారి ఇలా రా."

ఫొటోలు తీసే గిబ్బీ వచ్చి చూసి తెల్లబోయాడు. "ఇవి ట్రౌలు విల్మా! గుట్టల కింద ఉండే పొట్టి దయ్యాలు. వాటి గుమ్మం మూసేస్తే, చీకటి పడగానే వచ్చి అక్కడే గోకుతాయని మా తాత చెప్పేవాడు."

"నోర్ముయ్. దయ్యాలకి ఇంటర్నెట్ ఎవరిచ్చారు?" అంది విల్మా, కానీ కుర్చీ వెనక్కి జరుపుకుంది. చుక్క ఆగలేదు. కోపం లేకుండా, ఓపిగ్గా వెలుగుతూనే ఉంది. అదే ఎక్కువ భయం వేసింది.

గుమ్మం దగ్గర ధన్‌మని చప్పుడైంది. ఇద్దరూ కెవ్వుమన్నారు.

ఓస్లా. బుగ్గ బూరెలా వాచి ఉంది. తన కెటిల్‌ని తానే తన్నుకుంది. తెర వైపు చూసి, కోటైనా విప్పకుండా విల్మా పక్కకు వచ్చింది.

"పెట్టు దాన్ని. ఉన్నచోటే."

విల్మా ఊలుండను మళ్లీ పెట్టింది. చుక్క ఒక్కసారి వెలిగింది. ఇక రాలేదు. విల్మా తానూ ఆ ఉండను నొక్కింది. ఖాళీ పేజీ. బొమ్మ లేదు, అక్షరం లేదు. తెరలోంచి ఓస్లా గొంతు మాత్రం వినిపించింది.

"మొదటి వరుస. రెండు తెలుపు, ఒక నీలం. అయిందా? తొందరేం లేదు, మైమా పెద్దమ్మా. సూదులు పక్కనపెట్టి ముందు టీ తాగు, చల్లారిపోతుంది."

విల్మా తలెత్తింది. ఓస్లా తప్పు చేసినదానిలా కిటికీ వైపు చూస్తోంది.

"పెద్దమ్మ ఫెట్లర్ దీవిలో ఉంటుంది. చూపు పూర్తిగా పోయింది. నాకు సూది పట్టుకోవడం నేర్పిందే ఆవిడ. తడిమితే తగిలేలా ఆవిడ ట్యాబ్లెట్ అంచుకి ఓ కోటు బొత్తం అతికించాను. దాని పక్కన నొక్కితే ఊలుండ. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది, జాలి పడతారని."

విల్మా కుర్చీ ఓస్లా వైపు తిప్పింది. "అక్కా, మిగతా నమూనాలు కూడా చదివి పెట్టవూ? ఉండ అక్కడే ఉంటుంది. ఇలా దారి దొరకనివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో" అంది.

"బుగ్గ వాపు తగ్గనీ" అంది ఓస్లా.

విల్మా లేచి, పడిపోయిన కెటిల్‌ని తెచ్చి ఎంతో గౌరవంగా గుమ్మంలోనే పెట్టింది. "మరి ఇది ఎవరి కోసమక్కా?"

"ఎవరి కోసమూ కాదు," అంది ఓస్లా. "దాని వైరు పొట్టి."