తడి మీద చూసిన రంగు

గాజు పలక మీద సిరా పూసి, రోలరు తిప్పి, అక్కడక్కడ గుడ్డతో తుడిచి, పైన కాగితం పరిచి గరిటె వీపుతో రుద్దుతుంటే, జగిత్యాలలో నేను అద్దెకు తీసుకున్న ఈ ఒంటి గదంతా అవిసె నూనె వాసన, కిరోసిన్ వాసన నిండిపోతుంది. నావి బొమ్మలు కావు, ఉత్త రంగులే. ఒక్కో అద్దకానికి ఒక్క కాగితమే, రెండోసారి అదే రంగు రమ్మన్నా రాదు. ఇదేంటని అడిగినవాళ్లకు నీలం అని చెబితే పాపం తల ఊపి వెళ్లిపోతారు. తర్వాత సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండడు.

ఈ పిచ్చి నాకు అంటించింది సిరిసిల్లలోని మా తాత. అమ్మకు నాన్న, మగ్గాల నూలుకు రంగులు వేసే మనిషి. మేముండేది కోరుట్లలో. ఎండాకాలం సెలవులు రాగానే అమ్మ నన్ను ఆయన దగ్గర దింపి పోయేది. అమ్మమ్మ అప్పటికే లేదు. ఆ వాడ పిల్లలు పొరుగూరి పిల్లనని నన్ను ఆటలోకి రానిచ్చేవాళ్లు కాదు. అందుకని పొయ్యి మీద గంగాళాల్లో మరిగే రంగు నీళ్ల ఆవిరిలో, తడి నూలు వాసనలో, తాత కారం అద్ది ఇచ్చిన మామిడికాయ ముక్కలు చప్పరిస్తూ, ఆయన మోచేతుల దాకా ఎక్కిన ఎరుపునూ ఊదానూ చూస్తూ పొద్దు గడిపేదాన్ని. చిలపలు, అంటే నూలు కట్టలు, పిండిన షాబాదు బండ మీద రంగులు మడుగులు కట్టేవి. పాత నోటుబుక్కు కాగితం ఆ మడుగు మీద పరిచి, అరచేత్తో అదిమి మెల్లగా లేపితే ఎన్నడూ చూడని రంగు పడేది. తాత ఆ కాగితాలను కూడా చిలపల పక్కనే తీగకు ఆరేసేవాడు.

ఆయన కళ్లకు పొర కమ్ముతుండడంతో రంగు కలిసిందా లేదా చూడడం నా పని అయింది. గంగాళంలో నాలుగు పోగులు ముంచి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు మగ్గాల ఆసామి ఇచ్చిన నమూనా పక్కన పెట్టి చూడాలి. తడి మీద ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది. ఇది నాకు బాగా తెలుసు. కానీ ఒకరోజు పిల్లలు మొదటిసారి నన్ను గచ్చకాయల ఆటకు పిలిచారు. పోగులు ఆరేదాకా ఎవరు కూర్చుంటారు? తడి మీదనే చూసి, సరిగ్గా కలిసింది తాతా అని ఉరికాను. నా మాట మీద ఆయన చిలపలన్నీ ముంచాడు.

మరునాడు ఆరిన నూలు వెలిసిపోయినట్టు తేలింది. సగం నేసిన చీరలకు ఇది ఎట్లా కలుస్తుందని ఆసామి చిలపలు అక్కడే వదిలి వెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆరినంకనే చూసినవా బిడ్డా?"

"ఆరినంకనే చూసిన తాతా."

తన చేతుల వైపు చూసుకున్నాడు. "అయితే నా చెయ్యే తప్పింది. రంగు తక్కువేసిన. ఇగ చాలు."

మళ్లీ పొయ్యి వెలిగించలేదు. తర్వాతి సెలవుల్లో వెళ్తే గంగాళాలు బోర్లించి ఉన్నాయి, ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. ప్రతి ఏడూ నిజం చెప్పాలనే పోయేదాన్ని, చెప్పకుండానే వచ్చేదాన్ని. వచ్చిపోయేవాళ్లతో మాత్రం ఆయన నా గురించే చెప్పేవాడు, చెయ్యి నాది తప్పింది కానీ నా మనుమరాలి కన్ను తప్పదని. నేను ఇంటరులో ఉండగా ఆయన పోయాడు. ఆ మాట పట్టుకునే, నాన్న వద్దన్నా వినకుండా, అమ్మ నన్ను రంగుల చదువుకు పంపింది.

ఇప్పుడా వాడంతా కరెంటుతో నడిచే సాంచా మగ్గాల మోతే. నూలు ముందే రంగు పడి బండిలో వచ్చి దిగుతుంది, పొయ్యిలు లేవు, మోచేతుల దాకా రంగున్న మనుషులు లేరు. నిరుడు అమ్మ కూడా పోయింది. పోయే ముందు నా అద్దకం ఒకటి చూసి, నీ కన్ను తప్పదని తాత అన్నది నిజమే కదా బిడ్డా అంది. అవునన్నాను.