చోక్‌కి పెట్టిన క్లిప్పు

మా ఆయన పోయాక ఆయన పాత కారు లీటరుకి తొమ్మిది కిలోమీటర్లే ఇస్తోందని, కొత్త స్పార్క్ ప్లగ్గులు కొందామని పాతదొకటి కాగితంలో చుట్టుకుని కంచరపాలెంలో బస్సెక్కాను. పక్క సీట్లో గ్రీజు చేతుల పెద్దాయన అది అడిగి తీసుకుని చూశాడు.

"మసి పట్టేసిందమ్మా. చోక్ లాగి వదిలేసినారేటి?"

"ఆ చోక్ పిడి లోపలికి పోకుండా బట్టల క్లిప్పు పెట్టారండి, మా ఆయన."

"పొద్దున్న స్టార్టింగుకే ఆ చోకు. ఇంజిను వేడెక్కాక తీసేయాల. లేపోతే పెట్రోలు తాగేత్తాది. నానైతే ప్లగ్గులు కొనను. ఆ క్లిప్పు తీసీయమ్మా, సాలు."

ప్లగ్గులు కొనలేదు. ఇంటికొచ్చి కార్లో కూర్చుని క్లిప్పు మీద చెయ్యి వేశాను. మా ఆయన ఆఖరిసారి బండి తీసిన పొద్దున పెట్టింది అది.

కారు ఇప్పటికీ తొమ్మిదే ఇస్తోంది.