వీపు వైపు కాపలా

క్లెమ్ జూరెక్ భయపడ్డాడని ఈరీ పట్నంలో ఎవరూ చెప్పగా వినలేదు. శీతాకాలమంతా రోడ్ల మీద మంచు తీసే నగరపాలక సంస్థ బండి తోలే మనిషి. సరస్సు మీంచి గాలి మంచును ఎత్తి కొడుతుంటే, ముందున్న వీధి దీపం కూడా కనపడని ఆ తెల్ల చీకట్లో మంచు కరగడానికి ఉప్పు చల్లుకుంటూ పోయేవాడు. అలాంటివాడు ఆ ఏప్రిల్ గురువారం సాయంత్రం, పోలండ్ నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకున్న పోలిష్ క్లబ్బు మెట్ల మీద సగంలో ఆగి, ఇంటికి తిరిగి పోదామా అనుకున్నాడు.

కారణం నలుగురిలో చెప్పుకునేది కాదు. ఆ సాయంత్రం ఊరి జట్టు హామర్స్ అతని మేనల్లుణ్ణి తీసుకోబోతోందని ఊరంతా అనుకుంటోంది. చర్చిలో కొవ్వొత్తులు కూడా వెలిగించారు. అది జరక్కూడదని కోరుకునేవాడు ఊరు మొత్తానికి క్లెమ్ ఒక్కడే.

ఏడాదికోసారి, వసంతం మొదట్లో, చేత్తో బంతి విసిరి ఆడే అమెరికన్ వృత్తి ఫుట్‌బాల్ జట్లన్నీ ఒకచోట చేరి కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఏరుకుంటాయి. ఎక్కువ ఓడినవాళ్ళకు ముందు వంతు. ఈసారి హామర్స్‌ది రెండోది. కిందటేడు వాళ్ళు ఎలా ఆడారో దాన్నిబట్టే తెలుస్తుంది. యజమాని పాత కోచ్‌లందర్నీ ఊడ్చిపారేసి "పునర్నిర్మాణం" అన్నాడు. ఈ మాట ఈరీకి కొత్తది కాదు. రైలింజన్ల కర్మాగారంలో సగం మందిని ఇంటికి పంపినప్పుడు కూడా ఇదే అన్నారు. కర్మాగారం విషయంలో నమ్మనివాళ్ళు జట్టు విషయంలో మాత్రం నమ్మారు. మనిషికి ఎక్కడో ఒకచోట మోసపోవాలని ఉంటుంది కాబోలు.

క్లబ్బులో అప్పటికే గొంతులు లేచిపోయాయి.

"పన్నెండేళ్ళుగా వింటున్నా మీ సిద్ధాంతం, మాస్టారూ!" అంటున్నాడు డెల్బర్ట్ గ్రీర్. తూర్పు వీధుల్లో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్. ఆ సంచీ బరువుకి ఒక భుజం వాలిపోయింది గానీ గొంతు మాత్రం వాలలేదు. "వంతు అమ్ముకుందాం, వెనక్కి జరుగుదాం, ఒకడి బదులు ముగ్గుర్ని తెచ్చుకుందాం! తెచ్చుకున్నాం కదా! ఆ ముగ్గురూ ఇప్పుడెక్కడున్నారు? ఒకడు కార్లమ్ముతున్నాడు!"

"మంచి కార్లే అమ్ముతున్నాడు," అన్నాడు ఆర్విన్ స్టాకర్డ్. బళ్ళో బీజగణితం చెప్పి రిటైరైన మనిషి. ఓడిపోతున్న వాదనలో కూడా గొంతు పెంచడు. "గోడ లేకుండా కప్పు వేస్తానంటే ఎలాగయ్యా డెల్బర్ట్? బంతి విసిరేవాణ్ణి తెస్తావు సరే. వాడి ముందు నిలబడి కాచే అయిదుగురేరీ? ముందు గోడ కట్టండి అంటున్నా."

"గోడను చూడ్డానికి టికెట్టు కొంటామా!"

గదంతా నవ్వింది. బల్ల వెనక కజ్జికాయల్లాంటి పియెరోగీలు వేయిస్తున్న డాటీ గరిటెతోనే క్లెమ్‌కి దండం పెట్టింది. "వచ్చాడయ్యా మేనమామ! ఇవాళ నీ బీరుకు డబ్బులు తీసుకోను. రేపట్నుంచి నువ్వే అందరికీ పొయ్యాలి."

క్లెమ్ నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఎంతసేపు ఆగిందో అతనికే తెలియలేదు. బల్ల చివర తన స్టూలు మీద కూర్చున్నాడు. అంతకుముందు అది వాళ్ళ నాన్న స్టూలు. కర్ర సీటు మధ్యలో ఇద్దరు మనుషులు అరగదీసిన పల్లం ఉంది.

"నువ్వు చెప్పరా క్లెమ్," అన్నాడు డెల్బర్ట్. "కొత్త కోచ్ హాలోవే వచ్చిందే మీవాడి కోసం కదా? బంతి పట్టే అయిదుగుర్నీ ముందుకు ఉరికిస్తాడట, బంతి గాల్లోనే ఉంటుందట. పండగే!"

మీవాడు అన్నాడు. పేరు అనలేదు. ఆ రోజు ఆ క్లబ్బులో ఎవరూ కోరుకున్న ఆటగాడి పేరు పలకరు. చాలా ఏళ్ళ కిందట ఎవడో కుర్చీ ఎక్కి ఒక ఆటగాడి పేరు అరిచాడు. అరిచిన కాసేపటికే ముందు వంతు జట్టు వాణ్ణి ఎగరేసుకుపోయింది. వాడు తర్వాత పెద్ద ఆటగాడయ్యాడు. అప్పట్నుంచీ పేరెత్తినవాడి స్టూలు తలకిందులుగా బల్ల మీదికెక్కుతుంది. ఆ సీజనంతా వాడు క్లబ్బులో నిలబడే ఆట చూడాలి. లెక్కల మాస్టారు కూడా ఈ నియమం తప్పడు. "నమ్మకం కాదు, మర్యాద," అంటాడు. నమ్మకం ఉందని ఒప్పుకునే ధైర్యం లేనివాళ్ళు వాడే మాట అది.

"అయిదుగుర్నీ ముందుకు ఉరికిస్తే వెనక కాయడానికి ఎవడుంటాడు?" అన్నాడు క్లెమ్ మెల్లగా.

"ఏంటీ?"

"ఏం లేదు. ఉప్పు ఇటివ్వు."

అతని భయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అతని మేనల్లుడిలా కుడిచేత్తో బంతి విసిరేవాడు విసరబోతూ ఒళ్ళు తిప్పుతాడు. అప్పుడు అతని ఎడమ పక్క వీపు వైపైపోతుంది. అటునుంచి ఎవడొస్తున్నాడో వాడికి కనపడదు. కనపడనివాణ్ణి ఆపడానికే ఎడమ చివర ఒక కొండలాంటి మనిషిని నిలబెడతారు. హామర్స్‌కి ఆ చోట ఏళ్ళ తరబడి సరైనవాడు లేడు. ఉన్న కాస్త గోడనూ నిలబెట్టిన ముసలి కోచ్‌ని హాలోవే వస్తూనే సాగనంపి, ఆ పని తన బావమరిదికి అప్పగించాడు. పత్రికల్లో దాన్ని "కొత్త గాలి" అని రాశారు.

ఆ గోడ వెనక ఇంతకుముందు నిలబడ్డవాడు కోరీ బాస్కిన్. అతనొచ్చినప్పుడూ ఊరు ఇలాగే ఊగిపోయింది. అతని పేరున్న చొక్కా క్లెమ్ కూడా కొన్నాడు. మూడు సీజన్లు వీపు మీద పడ్డవాళ్ళ కిందనుంచి, తలకు దెబ్బలు తింటూ లేచి లేచి, ఒకసారి ఇక మైదానంలో లేవలేదు. స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో క్లెమ్‌వీ ఉన్నాయి. మనిషిని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళేటప్పుడు కొట్టే చప్పట్లకు అమెరికాలో గౌరవం అని పేరు.

బాస్కిన్ ఇల్లు క్లెమ్ మంచు తీసే దారిలోనే ఉంది. మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున బండి వెళ్తుంటే, ఇంకా నలభై కూడా రాని ఆ మనిషి ఇంటి ముందు చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తాళాలు. క్లెమ్ దిగి పలకరిస్తే, చిన్నపిల్లాడిలా ఇబ్బందిగా నవ్వి అడిగాడు: "ఏమీ అనుకోకండి. నేను బయటికి వెళ్తున్నానా, లోపలికి వస్తున్నానా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, అతన్ని లోపలికి నడిపించి, బండెక్కాక క్లెమ్ ఆ వీధి చివరిదాకా ఉప్పు చల్లడం మరిచిపోయాడు. అప్పట్నుంచి కళ్ళు మూసుకుంటే ఆ ఇంటి ముందు నిలబడేది బాస్కిన్ కాదు. ఎమ్మెట్.

ఎమ్మెట్ అతని చెల్లెలు లొరెయిన్ కొడుకు. తండ్రి ఎప్పుడో వదిలేసి పోయాడు. వాణ్ణి ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చేటప్పుడు తలకు హామర్స్ టోపీ పెట్టింది క్లెమే. పెరట్లో వేలాడదీసిన టైరు లోంచి బంతి విసరడం నేర్పిందీ క్లెమే. ఈ జట్టే లోకం అని వాడికి నూరిపోసింది కూడా ఇంకెవరూ కాదు.

ఆ మధ్యాహ్నం, ఆటగాళ్ళను ఏరుకునే వేడుక జరిగే ఊరినుంచి ఎమ్మెట్ ఫోన్ చేశాడు.

"మామయ్యా, నువ్వు రాలేదని అమ్మ మండిపడుతోంది. మా బల్ల దగ్గర నీ కుర్చీ ఖాళీగా ఉంది."

"క్లబ్బులో ఎవడో ఒకడు ఉండాలి కదరా."

"నీ దొంగ సాకులు నాకు తెలియవా? ఏడుస్తావని భయం!" వాడు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మనవాళ్ళే తీసుకుంటారంటావా?"

"ఎవరు తీసుకున్నా ఆడేవాడివి నువ్వే."

"అది జవాబు కాదు మామయ్యా. మనవాళ్ళే తీసుకోవాలి. నాకు ఇంకేం వద్దు."

వద్దురా అని అప్పుడే చెప్పాల్సింది. ఇరవై రెండేళ్ళు కట్టిన కోటను ఫోన్‌లో కూలదోయడం క్లెమ్ వల్ల కాలేదు. "బాగా తిను," అని పెట్టేశాడు.

ఇప్పుడు టీవీలో మొదటి వంతు జట్టు, ఒమాహా, బంతి విసిరేవాడి మీద పడే ఆటగాణ్ణెవర్నో తీసుకుంది. క్లబ్బు ఈల వేసింది. అడ్డం తొలగింది. తెర మీద హామర్స్ గుర్తు వచ్చి, పక్కన గడియారం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. ఆ గడువు లోపల వాళ్ళు పేరు రాసిన చీటీ అందించాలి. కెమెరా ఎమ్మెట్ బల్ల మీదికి పోయింది. నీలం కోటు, దువ్విన జుట్టు. లొరెయిన్ వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"చూడండర్రా, మన తూర్పు వీధి పిల్లాణ్ణి!" అన్నాడు డెల్బర్ట్. "ఊరి బిడ్డ ఊరికే రావాలి."

ఊరి బిడ్డ ఊరికే రావాలన్న మాట వినడానికి తియ్యగా ఉంటుంది. బాస్కిన్ ఊరి బిడ్డ కాదు కాబట్టి అతన్ని విరగ్గొట్టడం కొంచెం తేలికైంది. ఊరి బిడ్డయితే విరిగినప్పుడు ఏడుపు ఎక్కువ, అంతే తేడా.

క్లెమ్ గడియారాన్ని చూశాడు. ఇక్కడ గదిలో నోటినుంచి వచ్చే మాట, ఎక్కడో వందల మైళ్ళ అవతల కూర్చున్న కోటు మనుషుల చేతుల్ని ఎలా ఆపుతుంది? ఆపదు. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ మంచులో బండి జారుతున్నప్పుడు బ్రేకు పనిచెయ్యదని తెలిసినా కాలు దాన్నే తొక్కుతుంది.

లేచి నిలబడ్డాడు.

"ఎమ్మెట్ లాస్కో," అన్నాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. డాటీ చేతిలో గరిటె ఆగిపోయింది. క్లెమ్ ఇంకా గట్టిగా, చర్చిలో పేరు పెట్టేటప్పుడు పలికినట్టు, ముక్క ముక్కగా మళ్ళీ అన్నాడు. "ఎమ్మెట్. లాస్కో."

"నోరు ముయ్యరా!" డెల్బర్ట్ కుర్చీ వెనక్కి పడింది. "పిచ్చెక్కిందా? చీటీ ఇంకా ఇవ్వలేదురా!"

"పొరపాటున అనేశాడేమో..." అన్నాడు మాస్టారు.

"పొరపాటు కాదు," అన్నాడు క్లెమ్.

"మరి ఏ దయ్యం పట్టింది? సొంత మేనల్లుడి మీద ఏడుపా?"

"బాస్కిన్ ఇంటి ముందు మంచు నేనే తీస్తాను డెల్బర్ట్." క్లెమ్ అతని వైపు తిరిగాడు. "అక్కడ ఉత్తరాలు వేసేది నువ్వు."

డెల్బర్ట్ వెనక్కి పడ్డ కుర్చీ తీసి నిలబెట్టుకుని, అందులో కూర్చున్నాడు. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ తలుపు ఎన్నిసార్లు తట్టాడో, ఎన్నిసార్లు ఆ మనిషి తన పేరుకొచ్చిన కవరును తిప్పి తిప్పి చూశాడో, అతనూ ఎవరికీ చెప్పలేదు.

టీవీలో చీటీ అందింది. లీగ్ పెద్ద మైకు ముందుకు వచ్చాడు. క్లెమ్ బల్ల అంచు పట్టుకున్నాడు.

హామర్స్ తీసుకున్నది నెబ్రాస్కా కుర్రాణ్ణి. తలుపులో పట్టనంత మనిషి. ఎడమ చివర నిలబడి కాచేవాడు.

క్లబ్బు మూలిగింది. ఎవడో గ్లాసు బల్ల మీద కొట్టాడు. "గోడ," అన్నాడు ఆర్విన్ మాస్టారు నోట్లోనే. పన్నెండేళ్ళ వాదన గెలిచిన మనిషికి సంతోషించే వీలు కూడా లేకపోయింది. తెర మీద ఎమ్మెట్ మొహం ఒక్క క్షణం కనిపించింది. నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎక్కడినుంచి నేర్చుకున్నాడో క్లెమ్‌కి తెలుసు.

క్లెమ్ గుండె బరువు దిగింది. ఊపిరి లోపలికంటా పోయింది. అది బయటికి వచ్చేలోపే మూడో జట్టు చీటీ ఇచ్చేసింది. అంత తొందరగా ఎవరూ ఇవ్వరు.

"ఎల్ పాసో... ఎమ్మెట్ లాస్కో."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. క్లెమ్ మాస్టారు వైపు తిరిగాడు. "ఎల్ పాసోకి ఎడమ చివర ఎవరున్నారు?"

"తెలీదయ్యా."

"వాళ్ళ కోచ్ ఎవరు? వెనక ఎవర్నైనా ఉంచుతాడా?"

"క్లెమ్, మనం ఎప్పుడూ మనవాళ్ళ గురించేగా మాట్లాడుకున్నాం," అన్నాడు మాస్టారు. డెల్బర్ట్ తల అడ్డంగా ఊపాడు. ఎల్ పాసో గోడలో ఎన్ని చిల్లులున్నాయో, ఉన్నాయో లేవో, ఆ గది నిండా ఉన్న మనుషుల్లో ఒక్కడికీ తెలియదు. హామర్స్ చిల్లుల్నైతే క్లెమ్ కళ్ళు మూసుకుని లెక్కపెట్టగలడు.

జేబులో ఫోన్ మోగింది.

"మామయ్యా," వెనక చప్పట్లు, సంగీతం. "మనవాళ్ళు నన్ను తీసుకోలేదు."

"చూశాను నాన్నా."

"పర్లేదులే. ఎండ దేశమట. నువ్వు మంచు తియ్యక్కర్లేదు." నవ్వబోయాడు, సగంలో ఆగిపోయింది.

"ఒరే ఎమ్మెట్, నీ ఎడమ పక్కన ఎవడురా?"

"అమ్మ."

"అది కాదురా. ఆటలో. ఆ జట్టులో."

"ఏమో మామయ్యా. చూళ్ళేదు. మనవాళ్ళదే చూస్తూ కూర్చున్నాను కదా. పిలుస్తున్నారు, ఉంటా."

డాటీ బల్ల వెనకనుంచి వచ్చింది. క్లెమ్ మొహం చూసి ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత, నియమం నియమమే గనక, అతని స్టూలును రెండు చేతులతో ఎత్తి తలకిందులుగా బల్ల మీద పెట్టింది. అరిగిన పల్లం కిందికి పోయింది. నాలుగు కాళ్ళూ పైకి లేచాయి.

క్లెమ్ నిలబడే ఉన్నాడు. తెర మీద ఎల్ పాసో ఆడిన ఆటల తునకలు వేస్తున్నారు. ఎవడో బంతి విసురుతున్నాడు, అది అందంగా తిరుగుతూ మైదానం దాటుతోంది, అవతల ఎవడో ఎగిరి పట్టుకుంటున్నాడు. మళ్ళీ విసురు, మళ్ళీ పట్టు. క్లెమ్ తెరకు దగ్గరగా నడిచి, విసిరేవాడి ఎడమ పక్కనే చూస్తూ నిలబడ్డాడు. ప్రతిసారీ బొమ్మ బంతి వెంటే వెళ్ళిపోయింది. వెనక ఏం జరిగిందో ఒక్కసారీ చూపించలేదు.