అయిదు నిమిషాల ముందు బస్సు

డెబ్భైల చివర్లో భిలాయ్‌లో మా నాన్న బస్సూ, మావయ్య బస్సూ ఒకే దారిలో తిరిగేవి, మేముండే క్యాంప్ 2 పేట నుంచి దుర్గ్ దాకా. మావయ్య అంటే మా మేనత్త భర్త. రెండింటిలోనూ డ్రైవరు వెనక ఒకటే ఛార్జీల పట్టిక ఉండేది. అది ప్రభుత్వం ఖరారు చేసింది, పైసా తగ్గించి జనాన్ని లాగడానికి లేదు. బయల్దేరే టైము కూడా పర్మిట్‌లో వాళ్లే రాసిచ్చేవారు. మావయ్యకి ఏడూ ముప్పై అయిదు, మాకు ఏడూ నలభై. ఆ అయిదు నిమిషాలే మా ఇంటి ఏడుపు.

కోర్టుకెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలవాళ్లు, అందరూ ముందు బస్సే ఎక్కేసేవారు. మా బస్సు ఖాళీ సీట్లు మోసుకుంటూ బయల్దేరేది. అందులో కాలేజీకి వెళ్లేది నేను. ముందు బస్సులో, కిటికీ పక్కన, మావయ్య కూతురు. నాకు వదిన. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే క్లాసు. కండక్టరు "దీదీ, ఇధర్" అంటూ ఎవరినో ఒకరిని లేపి మరీ ఆమెను కూర్చోబెట్టేవాడు. నిండిన బస్సులో సీటు దొరకడం గొప్ప గానీ, మా బస్సులో నాకు నలభై సీట్లుండి ఏం లాభం? కుళ్లుకునేదాన్ని. ఇప్పుడు దాచి చేసేదేముంది? ఒకసారి ఆలస్యమవుతోందని మా అమ్మే ఆ బస్సెక్కేసింది. రెండ్రోజులు నేను అమ్మతో మాట్లాడలేదు.

ఒకరోజు పొద్దున్నే నాన్న నా ముందు తెల్లకాగితాలు పెట్టాడు. ఆయనకు హిందీ మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. అక్కడే పుట్టి పెరిగిన నాకే ఇంట్లో అది చేతనయ్యేది.

"రవాణా ఆఫీసుకి అర్జీ ఎట్టాలి. బావ బండి మన ముందెల్తే ఇంక మనకేటి మిగుల్తాది? దాన్ని తొమ్మిదింటికి మార్చీమని రాయి."

ఆయన చెప్పింది రెండు ముక్కలు, నేను రాసింది రెండు పేజీలు. టైములు దగ్గరగా ఉండడంతో బస్సులు పోటీపడి పరిగెడుతున్నాయనీ, జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కుతున్నారనీ రాశాను. పరిగెత్తించేది మా డ్రైవరే. అది మాత్రం రాయలేదు.

విచారణ జరిగింది. మావయ్య బస్సు తొమ్మిదికి మారింది. మర్నాటి నుంచి మా బస్సు కిటకిటలాడింది. మా కండక్టరు నా కోసం ఒకాయన్ని లేపాడు. కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను గానీ, నన్నలా చూడాల్సిన మనిషి లేదు. కాలేజీ ఎనిమిదిన్నరకి. ఆ వేళకి అందించేది మా బస్సొక్కటే. ఇంట్లో సొంత బండి ఉండగా, తన మీద అర్జీ పెట్టినవాడి బస్సులో కూతురు టికెట్టు కొనుక్కుని వెళ్లడమా అని మావయ్యకు పంతం. వదినను కాలేజీ మాన్పించేశాడు.

నెల తర్వాత వదిన మా పెరటి గుమ్మంలోంచి వచ్చింది. అర్జీ ఎవరో వకీలు రాశాడని నాన్న చెప్పుకున్నాడు. ఆమె నమ్మింది.

"మా బండి టైము ఎనకటిలాగే ఇమ్మని ఓ అర్జీ రాసియ్యవే. నాన్న సంతకం ఎడతానన్నాడు. పరీచ్చలు రాయకపోతే ఈ ఏడు పోతాది. నీకొచ్చినంత హిందీ నాకు రాదు గదా." నా పుస్తకాలు తడిమింది. "నువ్వైనా ఎల్తన్నావు, నాకదే సంతోసం."

నిజంగానే అంది. ఆమె కళ్లలో ఎంత వెతికినా అసూయ కనిపించలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అయినా రాసిచ్చాను, ఒక పేజీ. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి నాన్నకు కాగితం వచ్చింది, పాత టైము తిరిగి ఇవ్వడానికి మీకేమైనా అభ్యంతరముందా అని. నాన్న మళ్లీ తెల్లకాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు.

వదిన అర్జీ నాకు కంఠతా వచ్చు. ఏ మాట ఎక్కడ బలహీనంగా ఉందో కూడా తెలుసు. ఒక్కొక్క దానికీ జవాబు రాసుకుంటూ పోయాను. వాళ్ల అర్జీలోనూ మా జవాబులోనూ చేతిరాత ఒకటేనని ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు.

మావయ్య బస్సు తొమ్మిదికే ఉండిపోయింది. వదిన ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు ఒక పేజీ రాశాను. నాన్నకు ఈసారి మూడు పేజీలు రాశాను.