అభ్యంతరం

ఒడియా నేను బడిలో నేర్చుకోలేదు. ఒడిశాలోని రాయగడ గ్రంథాలయంలో పిల్లల వాచకాలు ముందేసుకుని, కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. టికిరి దగ్గర ఒక విదేశీ ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ తెరిచిన కౌంటరులో పనికి కుదిరాక, గోడకు ఏ కాగితం అంటించినా తోటి తెలుగువాళ్ళకు చదివి చెప్పే పని నాదే. గర్వంగానే చేసేవాణ్ణి.

వేపుళ్ల దగ్గర పనిచేసే ఒకామెను అందరం వదినా అని పిలిచేవాళ్ళం. మరిగే నూనెలో ఆమె చెయ్యి కాలింది. పుండు మానకముందే పనిలోంచి తీసేశారు. రాయగడ నుంచి యూనియన్ లీడరును పిలిచి ఆమె తరఫున మాట్లాడించాలనుకున్నాం. అది తెలిసి మేనేజరు ఒడియా కాగితం ఒకటి తెచ్చి సంతకాలు పెట్టమన్నాడు. పైన ‘ఆభ్యంతరీణ కమిటీ’ అని ఉంది. కింది వాక్యాలు సగమే అర్థమయ్యాయి. తెలిసిన ఆ ఒక్క మాటకే మిగతాదంతా సర్దుకున్నాను.

అందరికీ చెప్పాను: "మన అబ్యంతరాలు ఇనడానికి కమిటీ ఏస్తన్నార్రా. ఎట్టండి సంతకాలు!"

కట్టుతో గేటు దగ్గర నిలబడిన వదిన అడిగింది: "ఏటి మరిదీ, నా పని నాకొస్తాదా?"

"వస్తాది వదినా. సదివే సెప్తన్నాను కదా."

నా పక్కనే నిలబడి కాగితం చదివిన క్యాషియరు నా స్నేహితుడు. జేకేపూర్‌లో ఒడియా బడిలోనే చదివాడు. మొదటి సంతకం అతనే పెట్టాడు.

వారం తర్వాత లీడరు వస్తే గేటు దగ్గరే ఆ కాగితం చూపించారు. చదివి, "బయటి యూనియన్ వద్దని మీరే రాసిచ్చారు కదా!" అని వెనక్కి వెళ్ళిపోయాడు. ఒడియాలో ఆభ్యంతరీణ అంటే లోపలిది.

కమిటీకి సెక్రటరీ ఎవరయ్యారు? నా స్నేహితుడే.

"నీకు ముందే తెలుసు," అన్నాను.

"తెలుసు. గ్రంథాలయం పండితుడివి, నువ్వంత దీమాగా సెప్తంటే మద్దిలో నానెందుకు?"

"పోనీ, వదిన సంగతైనా కమిటీలో ఎత్తు."

"ఎలాగెత్తుతాను? ఇది లోపలోళ్ళ కమిటీ. ఆవిడిప్పుడు లోపల లేదు కదా."

ఆ మాట వదినకు నేనే వెళ్ళి చెప్పాను.

"ఆడు మోసం సేసేడు, సరే. నువ్వు ‘నాకు తెలీదు’ అని ఒక్క ముక్క అనుంటే ఇంకెవరిసేతైనా సదివించుకుందుము కదా, మరిదీ."